ఆట మానడమా, ఆట మార్చడమా?

నలభై దాటిన తర్వాత మళ్లీ బ్యాటు పట్టుకునే ఆడవాళ్లను మీరు గమనించే ఉంటారు. సాధారణంగా రెండు రకాలుగా కనిపిస్తారు. మొదటి రకంవారు హైస్కూల్లో ఎలా ఆడారో ఇప్పుడూ అలాగే ఆడి తీరాలని పంతం పడతారు. పది రోజులు మహా ఉత్సాహంగా ఆడతారు. పదకొండో రోజున మోకాలికి క్రేపు బ్యాండేజీ చుట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తూ కనిపిస్తారు. రెండో రకంవారు రెండు రోజులు ఆడి, కాస్త ఆయాసం రాగానే, "మన పని అయిపోయింది వదినా! ఇంక ఈ వయసులో మనకు ఆటలేమిటి?" అనేసి బ్యాటును అటక మీదికి ఎక్కించేస్తారు.

పైకి చూస్తే వీళ్లిద్దరికీ ఎక్కడా పొంతన లేదు. కాని ఇద్దరి మనసులోనూ ఉన్నది ఒక్క మనిషే. రెండు జడలు వేసుకుని మైదానమంతా చెంగుచెంగున తిరిగిన ఆ పదహారేళ్ల పిల్ల! ఒకావిడ ఆ పిల్లతో పందెం కాస్తోంది. రెండో ఆవిడ ఆ పిల్లకు ఓడిపోయానని కూర్చుండిపోయింది. ఆ పిల్ల వెళ్లిపోయి పాతికేళ్లయింది కదా, ఇప్పుడున్న ఈ ఒంటితో ఏం ఆడగలను అని ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు.

ఈవేళ మనం మాట్లాడుకోబోయేది సరిగ్గా ఆ ప్రశ్న గురించే. వయసుతోపాటు మన శరీరంలో తగ్గేదేమిటి, తగ్గనిదేమిటి, తగ్గినదాన్ని ఒప్పుకుంటూనే ఆటను ఎలా నిలుపుకోవాలి అన్నది చూద్దాం.

ముందు గుండె సంగతి. దీనికి డాక్టర్లు వాడే మోటు లెక్క ఒకటుంది. 220 లోంచి మన వయసు తీసివేస్తే, గట్టిగా శ్రమపడినప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోగలదో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఇరవై ఏళ్ల అమ్మాయికి అది 200. నలభై అయిదేళ్ల ఆవిడకు 175. మనిషికీ మనిషికీ పదీ పన్నెండు తేడా ఉండవచ్చు గాని, తగ్గడం మాత్రం ఎవరికీ తప్పదు. రోజూ వ్యాయామం చేసేవారికైనా ఆ అంకె దిగుతూనే ఉంటుంది. అంటే మన అమ్మాయితో సమానంగా పరుగెత్తబోయి మనం ముందుగా ఆయాసపడ్డామంటే అది మన బద్ధకం కాదు. గుండె అనే పంపు తోడి పోసే వేగమే తగ్గింది. శ్రమలో ప్రాణవాయువును వాడుకునే శక్తి కూడా పదేళ్లకు ఇంచుమించు పదోవంతు చొప్పున తగ్గుతుంది. వ్యాయామం వదలనివారిలో ఈ తగ్గుదల నెమ్మదిగా ఉంటుంది.

తర్వాత కండల సంగతి. మన కండల్లో రెండు రకాల పోగులు ఉంటాయి. ఒక రకం చటుక్కున కదిలి, చప్పున అలిసిపోయేవి. రెండో రకం నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసేవి. వయసుతో ముందుగా చిక్కిపోయేది మొదటి రకం. అందుకే అలిపిరి మెట్లు అన్నీ ఎక్కి తిరుమల చేరగలిగిన ఆవిడ కూడా, నెట్టు పక్కన టపుక్కున పడే షటిల్‌ను అందుకోలేకపోతుంది. ఓపిక ఉంది, మెరుపు తగ్గింది. ఈ తేడా తెలియక చాలామంది "ఒంట్లో ఏమీ లేకుండా పోయింది" అని బెంగపడుతూ ఉంటారు.

మూడోది, కండను ఎముకకు కట్టి ఉంచే తాడువంటి భాగాలు. మడమ వెనుక పట్టుకుని చూస్తే తగిలే గట్టి తాడు అలాంటిదే. మనం దాన్ని నరం అంటాంగాని అది నరం కాదు. వయసు మీద పడుతున్నకొద్దీ ఈ తాళ్లలో సాగే గుణం తగ్గుతుంది. వీటికి రక్తప్రసారం తక్కువ కాబట్టి దెబ్బ తింటే మానడానికి చాలాకాలం పడుతుంది. ఎన్నో ఏళ్లు ఊరుకుని, ఒకనాడు హఠాత్తుగా కోర్టులోకి దూకినవారికి ఈ మడమ తాడు పుటుక్కున తెగిపోవడం కద్దు. వెనకనుంచి ఎవరో పిక్క మీద తన్నినట్టు అనిపించిందని వారు చెబుతారు.

నాలుగోది ఆడవారికే ప్రత్యేకమైనది. మన దేశంలో 46, 47 ఏళ్ల ప్రాంతంలో బహిష్టులు ఆగిపోతాయి. ఆ సమయంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను పడిపోతుంది. దానితోపాటు ఎముకల్లో గట్టిదనం కొన్నేళ్లపాటు వేగంగా తగ్గుతుంది. రాత్రిళ్లు చెమటలు పట్టి, నిద్ర సరిగా లేకపోతే మర్నాటి ఆట మీద ఆ ప్రభావం ఉండనే ఉంటుంది. ఇంకా చత్వారం సంగతి వేరే చెప్పాలా? బైఫోకల్ అద్దాలు పెట్టుకుని ఆడితే కింది సగం లోంచి నేల మసకగా కనిపించి అడుగు తప్పే ప్రమాదం ఉంది. ఆటకు దూరపు చూపు అద్దాలు విడిగా ఉండడం మంచిది.

ఇంత జాబితా విని డీలా పడిపోకండి. ఇక తగ్గనివాటిని చూద్దాం. షటిల్‌ను ఎక్కడ వేస్తే అవతలివారికి ఇబ్బందో తెలిసిన తెలివి తగ్గదు. మణికట్టు నేర్చుకున్న ఒడుపు చాలాకాలం నిలుస్తుంది. ఎదుటి మనిషి భుజం వాలు చూసి కొట్టబోయేది ఎటో పసిగట్టడం అనుభవంతో పెరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కండకు బలం పుంజుకునే గుణం ఏ వయసులోనూ పోదు. డెబ్బై, ఎనభై ఏళ్లవారు కూడా క్రమంగా బరువు పనులు సాధన చేస్తే బలం పెరుగుతుందని వైద్యులు గట్టిగానే చెబుతున్నారు. మెరుపు తగ్గవచ్చు. బలాన్ని, ఓపికను మాత్రం చాలావరకు కాపాడుకోవచ్చు. ఒడుపును పెంచుకోనూ వచ్చు.

ఒంటి హద్దును ఒప్పుకోవడం అంటే ఓటమి కాదనడానికి మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా కథే చాలు. 2007లో ఆమె సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ స్థానానికి చేరింది. కాని మణికట్టు, మోకాళ్లు మాటిమాటికీ మొరాయించాయి. శస్త్రచికిత్సలు జరిగాయి. కోర్టు మొత్తం ఒక్కరే తిరిగే సింగిల్స్‌ను ఈ శరీరం ఇక భరించదని తెలుసుకుని 2013లో దానికి స్వస్తి చెప్పింది. అప్పటికి ఆమెకు ముప్పై కూడా నిండలేదు సుమండీ! అంటే ఇది వయసు తెచ్చిన హద్దు కాదు, దెబ్బలు తెచ్చిన హద్దు. అయినా మనం నేర్చుకోవలసింది ఒకటే. ఆమె టెన్నిస్ మానలేదు, టెన్నిస్‌ను మార్చుకుంది. సగం కోర్టు చూసుకుంటే చాలిన డబుల్స్‌లో, తనకు బలమైన ఫోర్‌హ్యాండ్ దెబ్బను నమ్ముకుని, 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచంలోనే మొదటి స్థానానికి వెళ్లింది. ఆ ఏడాదే మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్, అమెరికన్ ఓపెన్ గెలిచింది. 2018లో బాబు పుట్టిన తర్వాత 2020లో తిరిగి వచ్చి మళ్లీ డబుల్స్ టైటిల్ గెలిచి, 2023లో ఆటనుంచి తప్పుకుంది. 27వ స్థానం దగ్గర పట్టుదలకు పోయి ఉంటే ఇదంతా జరిగేదా, ఆలోచించండి.

కొడగు ప్రాంతంనుంచి వచ్చిన రోహన్ బోపన్న 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ గెలిచేనాటికి 43 ఏళ్లవాడు. తన మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందనీ, అయ్యంగార్ పద్ధతి యోగాసనాలతో నిలదొక్కుకున్నాననీ ఆయనే చెప్పుకున్నాడు. అంతకంటే పెద్ద ఉదాహరణ మార్టినా నవ్రతిలోవా. 2006లో అమెరికన్ ఓపెన్ మిక్సెడ్ డబుల్స్ గెలిచినప్పుడు ఆమెకు యాభై నిండడానికి నెల రోజులే తక్కువ. ఈ ముగ్గురూ ఆ విజయాలు సాధించింది డబుల్స్‌లోనే అన్నది గమనించండి.

ఆటల నిబంధనలు రాసే పెద్దలు కూడా వయసును ఒప్పుకున్నారు. పరుగులు, విసురుళ్లలో ముప్పై అయిదు దాటినవారికి మాస్టర్స్ పోటీలని వేరే ఉన్నాయి. అయిదేసి ఏళ్లకు ఒక తరగతి. యాభై ఏళ్లావిడ యాభై నుంచి యాభై నాలుగు లోపువారితోనే పోటీ పడుతుంది. మామూలుగా ఆడవారు విసిరే ఇనుపగుండు 4 కిలోలైతే, యాభై దాటినవారికి 3 కిలోలు, డెబ్బై అయిదు దాటితే 2 కిలోలే. బరువు తగ్గించినందువల్ల అది ఆట కాకుండా పోలేదు కదా! చండీగఢ్‌కు చెందిన మన్ కౌర్ అనే పెద్దావిడ తొంభై మూడేళ్లకు పరుగు మొదలుపెట్టి, 2017లో ఆక్లండ్‌లో జరిగిన ప్రపంచ మాస్టర్స్ క్రీడల్లో 101 ఏళ్ల వయసున 100 మీటర్లను 74 సెకన్లలో పూర్తిచేసి బంగారు పతకం తెచ్చుకుంది. పడుచువాళ్లు పన్నెండు పదమూడు సెకన్లలో దాటేస్తారే అని ఆ తల్లి అనుకోలేదు. తన అంకె తనది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇప్పటిదాకా చెప్పిన పెద్ద పెద్ద టెన్నిస్ క్రీడాకారులు పడుచు వయసులో కడుపునిండా ఆడుకుని, తర్వాత ఒంటి హద్దుకు తల వంచినవాళ్లు. మనలో చాలామంది కథ అలాంటిది కాదు. స్కూల్లో రింగ్ టెన్నిస్, బాల్ బ్యాడ్మింటన్, ఖోఖో ఆడాం. ఇంట్లో పెళ్లి మాట మొదలు కాగానే "ఎండలో ఆడితే నల్లబడతావు" అన్నారు. పెళ్లయ్యాక "కోడలు గెంతులేస్తే నలుగురూ ఏమనుకుంటారు" అన్నారు. పిల్లలు, వంట, మడి, చుట్టాలు, చదువులు. ఇవన్నీ గట్టెక్కి, సాయంత్రం ఓ గంట మనదంటూ మిగిలేసరికి మోకాళ్లు మూలుగుతున్నాయి. అంటే మన ఆటను ఆపింది వయసు కాదు. వయసు చాలా తర్వాత వచ్చింది.

కనుక మనం ఒప్పుకోవలసిన హద్దు ఏదో, ఒప్పుకోనక్కరలేని హద్దు ఏదో వేరు చేసి చూసుకోవాలి. "నువ్వు వరసగా మూడు రోజులు ఆడలేవు" అని మోకాలు చెబితే అది నిజం. దాన్ని వినండి. "నలభై అయిదేళ్లావిడ పంజాబీ డ్రెస్సు, బూట్లు వేసుకుని ఆడడం ఏమిటి" అని ఎదురింటి పిన్నిగారు అంటే అది ఆవిడ అభిప్రాయం. ఒంటికి, దానికి సంబంధం లేదు. చీర కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడి, చెప్పులు జారి పడితే విరిగే ఎముక మనది, పిన్నిగారిది కాదు. చిత్రమేమిటంటే మనం తరచు తలకిందులుగా చేస్తాం. మోకాలి మాట పెడచెవిన పెట్టి, పిన్నిగారి మాటకు తలవంచుతాం.

సరే, ఇక ఆచరణలోకి వద్దాం. చాలా ఏళ్ల తర్వాత ఆడబోయేవారు ముందుగా ఒకసారి డాక్టరు దగ్గర రక్తపోటు, చక్కెర చూపించుకోవాలి. కుటుంబంలో గుండెజబ్బు ఉంటే ఆ సంగతీ చెప్పాలి. తర్వాత ఓ నెలా నెలన్నర నడకతో, కాళ్లకు బలమిచ్చే చిన్న చిన్న వ్యాయామాలతో ఒంటిని సిద్ధం చేసుకుని ఆ పైన కోర్టులోకి దిగాలి. ఆటతో బలం తెచ్చుకుందామనుకోవడం కంటే, బలం తెచ్చుకుని ఆటలోకి వెళ్లడం నలభై దాటినవారికి క్షేమం.

ఆ వ్యాయామాలకు సామాను ఏమీ అక్కరలేదు. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం ఒకటి. గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి నెమ్మదిగా దింపడం రెండోది. గోడకు చేతులు ఆనించి తోయడం మూడోది. కుక్కరు కూత కోసం ఎదురుచూస్తూ, పొయ్యికి దూరంగా ఒంటికాలి మీద నిలబడడం నాలుగోది. ఇది పడిపోకుండా నిలదొక్కుకునే శక్తికి. వారానికి రెండు రోజులైనా కండలకు బలమిచ్చే పని ఉండాలనీ, దానితోపాటు వారం మొత్తం మీద 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అరవై అయిదు దాటినవారు వారానికి మూడు రోజులు నిలదొక్కుకునే సాధన కూడా చేయాలని చెప్పింది. మీ అత్తగారికి కూడా ఈ మాట వినిపించండి.

ఆటను ఎలా మార్చుకోవాలంటారా? షటిల్ ఆడేవారు సింగిల్స్ వదిలి నలుగురు కలిసి డబుల్స్ ఆడుకోవచ్చు. వెనక్కి గెంతి కొట్టే స్మాషులు తగ్గించి, నెట్టు దగ్గర ఒడుపుగా వేసే దెబ్బలు పెంచవచ్చు. రోజూ ఆడకుండా రోజు విడిచి రోజు ఆడితే కండలకూ కీళ్లకూ తేరుకునే వ్యవధి దొరుకుతుంది. సిమెంటు నేల కంటే మట్టినేల మోకాళ్లకు మేలు. త్రోబాల్, రింగ్ టెన్నిస్‌లలో జట్టులో ఒకరిని అదనంగా పెట్టుకుంటే పరుగు తగ్గుతుంది, నవ్వులు పెరుగుతాయి. తాడాట మాత్రం మోకాలు నొప్పి ఉన్నవారు మానడమే మంచిది. కీళ్లు బాగా అరిగినవారికి ఈత లాంటిది లేదు. నీళ్లు ఒంటి బరువును మోస్తాయి. ఏ ఆట అయినా మొదటి పది నిమిషాలూ ఒళ్లు వేడెక్కించడానికి కేటాయించండి. పడుచుదనంలో అది లేకపోయినా సాగింది. ఇప్పుడు సాగదు.

ఎంత ఆడితే ఎక్కువో తెలుసుకోవడానికి సులువైన గుర్తు ఒకటుంది. ఆడిన రెండు గంటల తర్వాత కీలు నొప్పి ఆడకముందు కంటే ఎక్కువగా ఉంటే, ఆనాడు ఎక్కువ ఆడారన్నమాట. మరుసటిసారి కొంత తగ్గించండి. కండలు రెండు రోజులు సలపడం వేరు, కీలు వాయడం వేరు. మొదటిది సర్దుకుంటుంది. రెండోది డాక్టరుకు చూపించవలసిందే. ఆటలో ఛాతీ బిగిసినట్టు, దవడకో ఎడమచేతికో నొప్పి పాకినట్టు, ఎన్నడూ లేనంత ఆయాసం, నీరసం వచ్చినట్టు అనిపిస్తే "ఈ ఒక్క గేమూ అయిపోనీ" అనకండి. ఆట ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

చెప్పుకోవడానికి సిగ్గుపడే సంగతి మరొకటుంది. గెంతినప్పుడు, దగ్గినప్పుడు రెండు చుక్కలు మూత్రం పడిపోవడం. కాన్పులైన ఆడవారిలో ఇది చాలా మామూలు. ఎందరో ఆడవాళ్లు దీనికి భయపడే ఆట మానేసి, పైకి మాత్రం మోకాలు నొప్పి అని చెబుతారు. కటిభాగం అడుగున ఉండే కండలు సడలడం వల్ల ఇలా జరుగుతుంది. వాటిని బిగించి వదిలే అభ్యాసాలున్నాయి. లేడీ డాక్టరునో, ఫిజియోథెరపిస్టునో అడిగి నేర్చుకుంటే కొన్ని నెలల్లో చాలామందికి గుణం కనిపిస్తుంది. ఇది వయసుకు తలవంచి ఊరుకోవలసిన విషయం కాదు.

తిండి సంగతి కూడా క్లుప్తంగా చెప్పుకుందాం. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల ఆవిడకు రోజుకు సుమారు 50 గ్రాములన్నమాట. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల దాకా, ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా ఉంటాయి. అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన పప్పునీళ్లు పోసుకుని తినే ఇల్లాలికి ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? ఆడే రోజునైనా మీ వాటా పప్పు ముందుగా తీసి పెట్టుకోండి.

చివరగా మనసు సంగతి. ఒకప్పుడు సునాయాసంగా చేసిన పని ఇప్పుడు చేతకాకపోతే బాధ కలగడం సహజం. ఆ బాధను "ఛీ, ఈ వయసులో ఆట గురించి ఏడుపేమిటి" అని తీసిపారేయకండి. నిన్నటిదాకా మీ దగ్గర ఆట నేర్చుకున్న మీ అమ్మాయి ఒకరోజున మిమ్మల్ని 21-9 తో ఓడిస్తుంది. గర్వమూ కలుగుతుంది, గుండెలో ఎక్కడో చివుక్కుమనీ అంటుంది. రెండూ నిజమే. మర్నాడు ఆ అమ్మాయినే మీ జట్టులో వేసుకుని డబుల్స్ ఆడండి. వెనక కోర్టు తను చూసుకుంటుంది, ముందు నెట్టు మీరు చూసుకోండి.

ఈ వారం ఒక పని చేసి చూడండి. పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఓ పేజీ తిప్పి, ఈనాటి తేదీ వేసి, కుర్చీలోంచి ఆసరా లేకుండా అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలిగారో, ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు నిలబడగలిగారో రాయండి. మూడు నెలల తర్వాత అదే పేజీలో కింద మళ్లీ రాయండి. మీరు పోల్చుకోవలసింది ఆ రెండు అంకెలను మాత్రమే. హైస్కూల్లో గెలిచిన కప్పు అద్దాల బీరువాలో అలాగే ఉండనీయండి. అప్పుడప్పుడు దుమ్ము దులిపితే చాలు.

మరి బ్యాటు అటక మీదనుంచి ఎప్పుడు దింపుతున్నారు? తీగెలు వదులైపోయి ఉంటాయి, ముందు వాటిని బిగించుకోండి.